ప్లాసిడ్ కార్నెట్ ఆగిన చోటు

మా ఆయన ఆల్సిడ్ పోస్ట్‌మన్. న్యూ ఆర్లీన్స్‌లో ట్రెమే పేటంతా ఆయనే ఉత్తరాలు పంచేవాడు. ఉత్తరం ఇచ్చిన ప్రతి ఇంట్లోనూ పాత జాజ్ రికార్డులున్నాయా అని అడిగేవాడు. మంచం కింద, అల్మారాలో, చివరికి నా పెళ్లిగౌను దాచుకున్న పెట్టెలో కూడా ఆ లక్క రికార్డులే. గౌను మా చెల్లెలింట్లో ఉంది.

అన్నిటిలోకీ ఆయనకు ప్రాణం ప్లాసిడ్ డోర్సెన్ కార్నెట్ అనే పొట్టి బాకా వాయించిన రికార్డు. ప్లాసిడ్ బతికుండగా చేసింది అదొక్కటే, 1927లో. పాట మధ్యలో కార్నెట్ ఉన్నట్టుండి ఆగిపోతుంది. రెండు మూడు క్షణాలు బాంజో తీగల మోత ఒక్కటే వినిపిస్తుంది. తర్వాత కార్నెట్ మళ్లీ ఎగసి వస్తుంది. ఆ మౌనం మీద మా ఆయనా, ఆయన నేస్తాలూ శనివారం సాయంత్రాలు వాదించుకునేవారు. దుఃఖమని ఒకరు, ధిక్కారమని ఇంకొకరు. వాళ్లకు కాఫీ కాచేది నేను.

1959 వసంతంలో ప్లాసిడ్ భార్య ఎర్నెస్టీన్ మా వెనక వీధిలో కూతురింటికి వచ్చిందని తెలిసింది. ఆదివారం చర్చి కాగానే ఆయన గ్రామఫోను, నేను రికార్డు మోసుకుంటూ వెళ్లాం. రెండు చేతులా పట్టుకోమని, గుంటలు చూసి నడవమని దారి పొడవునా ఒకటే పోరు. మా పిల్లల్ని ఎత్తుకున్నప్పుడు కూడా అన్ని జాగ్రత్తలు చెప్పలేదు.

ఎర్నెస్టీన్‌కు డెబ్బై నాలుగేళ్లు. బెండకాయలు తరుగుతూనే పాట వింది. కార్నెట్ ఆగిన చోట ఆవిడ కత్తీ ఆగింది. కిసుక్కున నవ్వింది.

అక్కడ ప్లాసిడ్ మనసులో ఏముందో చెప్పమని మా ఆయన గొంతు తగ్గించి అడిగాడు.

"మనసులో ఏముందో నాకు తెలీదు గానీ నాయనా, గొంతులో పన్నుంది," అంది ఆవిడ. "ముందుపన్ను, కట్టించుకున్నది. వాయిస్తుంటే ఊడి లోపలికి పోయింది. మింగేసి మళ్లీ అందుకున్నాడు. అదెప్పుడు బయటికొస్తుందా అని రెండ్రోజులు కాపలా కాశాం."

నేను నవ్వు ఆపుకోలేక వాకిట్లోకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మా ఆయన ముఖం పాలిపోయి ఉంది.

"ఇన్నేళ్లూ నేను మురిసిపోయింది పన్ను చూసుకునా, పెద్దమ్మా?"

"పన్ను ఊడితే ఏముందబ్బాయ్, అందరికీ ఊడుతుంది. మింగి కూడా తాళం తప్పలేదు, అదీ చూడు. నువ్వైతే డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాడివి."

ఆయన ముల్లు ఎత్తి ఆ చోటే మళ్లీ పెట్టాడు. మూడోసారి విన్నాక ఆయనకూ నవ్వొచ్చింది.

శనివారం ఆ సంగతి చెబితే, ధిక్కారమని వాదించిన మంగలి తియోజెన్ నమ్మలేదు. ముసలావిడ మతి తప్పిందని తేల్చేసి, మా ఇంటికి రావడమే మానేశాడు. మేం మాత్రం ఆదివారం ఆదివారం ఆవిడ దగ్గరికి వెళ్తున్నాం. ఆ రికార్డు చేసిన రోజు ఎవరు తాగి వచ్చారో, ఎవరు చెప్పులు మారిపోయి వెళ్లారో అన్నీ చెబుతుంది. రికార్డు రెండో వైపు తిప్పినప్పుడు మాత్రం కత్తి పక్కన పెట్టేసి, కళ్లు మూసుకుంటుంది. అప్పుడు మా ఆయన కూడా ఆవిణ్ణి ఏమీ అడగడు.