ఎవరింటి పెరుగు

పిల్లలూ, మీరుండే చోట పెరుగు మూతేసిన డబ్బాలో దుకాణం నుంచి వస్తుంది. దాన్ని ఎవరు తోడుపెట్టారో, ఆ తోడు ఎవరింటి నుంచి తెచ్చారో మీకు తెలియదు, తెలుసుకోవాల్సిన అవసరమూ రాలేదు. అందుకే ఈ కథ మీ చెవిన పడలేదు. ఇన్నాళ్లూ చెప్పకపోవడం పెద్దవాళ్ల తప్పే గానీ మీది కాదు.

కొత్తపేట పండ్ల మార్కెట్ వెనక సందులో, గోడలకు కూడా బత్తాయి వాసన పట్టిన రెండంతస్తుల ఇల్లు అది. కింది వాటాలో ఇంటివాళ్లు ఇస్సాకు, కాంతమ్మ. నల్గొండ పక్క పల్లె నుంచి వచ్చి, ఒక్కో గదీ వేసుకుంటూ ఆ ఇల్లు కట్టుకున్నారు. ఇస్సాకు సిటీ బస్సు డ్రైవరు. పై వాటాలో కిరాయికి ఉండేవాళ్లు మీ తాతయ్య మల్లికార్జునరావు, మీ అమ్మమ్మ వేదవతి. వేదవతి అప్పటికింకా ఎవరికీ అమ్మమ్మ కాదు. అవనిగడ్డ నుంచి వచ్చినవాళ్లు. మల్లికార్జునరావు దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో ఫిజిక్సు చెప్పేవాడు.

రోజూ సాయంత్రం వేదవతి పాలు కాచి, గోరువెచ్చగా అయ్యేదాకా ఆగి, గిన్నె పట్టుకుని మెట్లు దిగేది. లేదంటే కాంతమ్మే గిన్నెతో మెట్లెక్కేది. ఒకరోజు ఈ ఇంట్లో తోడు అయిపోయేది, ఇంకోరోజు ఆ ఇంట్లో. కొన్నాళ్లకు అయిపోయినా అయిపోకపోయినా గిన్నె మాత్రం మెట్లెక్కుతూ దిగుతూనే ఉండేది. అలా పదకొండేళ్లు.

ఏ ఇంటి తోడుతో పాలు తోడుకుంటే, ఆ పెరుగన్నం తిన్నవాళ్ల నోట ఆ ఇంటి మాటే, ఆ ఇంటి యాసే వచ్చేది. తిన్న దగ్గర్నుంచి దీపాలు పెట్టే వేళ దాకా. ఇది ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిందే, ఎవరూ వింతగా చెప్పుకోలేదు. ఒకసారి ఎవరిదో పెళ్లికి కర్మన్‌ఘాట్ పాలాయన దగ్గర పెరుగు తెప్పిస్తే, మగపెళ్లివారూ ఆడపెళ్లివారూ సాయంత్రం దాకా ఒకటే మాట మాట్లాడి, అలకలూ పేచీలూ మరిచిపోయారు. ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వెళ్లేవాళ్లు ఆ రోజు చారన్నంతో సరిపెట్టుకునేవారు. అంతే.

వేదవతికి కాంతమ్మ పెరుగు తిన్న మధ్యాహ్నాలంటే ఇష్టం. తన సొంత మాటలో ఏది చెప్పాలన్నా ముందూ వెనకా చూసుకుని, నాలుగు గారులూ అండీలూ చేర్చి, చివరికి అసలు సంగతి మింగేసేది. ఆమె మనిషే అంత. వీధి తలుపు గడియ పెట్టానా లేదా అని మూడుసార్లు లేచి చూసుకునే రకం. కాంతమ్మ మాట నోట్లో ఉన్నప్పుడు మాత్రం "నాకు భయమైతుంది కాంతక్కా" అని తిన్నగా అనేయగలిగేది. కాంతమ్మేమో వేదవతి మాటలో పలకడం మొదలుపెట్టాక, మొగుణ్ణి కూడా "ఏమండీ" అని పిలిచి, ఆయన తికమక చూసి నవ్వుకునేది.

తర్వాత రెండువేల పదకొండు వచ్చింది. తెలంగాణ వాళ్లు తమ రాష్ట్రం తమకు కావాలని అంతకు ముందు నుంచే అడుగుతున్నారు. ఆ సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూశారు, ఆఫీసులకు తాళాలు పడ్డాయి, బొగ్గు గనుల్లో పని నిలిచి కరెంటు పోతూ వస్తూ ఉండేది. నలభై రెండు రోజులు. ఇస్సాకు డిపో ముందు టెంటులో కూర్చునేవాడు. మల్లికార్జునరావు సగం దించిన షట్టరు వెనక, పరీక్షలు దగ్గరపడ్డ పిల్లలకు చెప్పేవాడు. ఇద్దరూ మెట్ల దగ్గర ఎదురైతే ఇదివరకటిలాగే పలకరించుకునేవారు గానీ, రెండో మాట వెతుక్కోవాల్సి వచ్చేది.

ఆ రోజుల్లో నోట వచ్చే మాటను బట్టి మనిషిని ఎటువైపో తేల్చేసేవారు. ఒకరోజు టెంటులో ఇస్సాకు చేతికి మైకిచ్చారు. ఆయన లేచి "సోదరులారా, మరేవండీ, నేను చెప్పొచ్చేదేవిటంటే" అన్నాడు. టెంటు టెంటంతా పడీ పడీ నవ్వింది. అదే వారంలో మల్లికార్జునరావు బోర్డు మీద లెక్క తప్పు చేసిన పిల్లాడితో "గిదేంది, ఇట్లెట్లయితది" అన్నాడు. సగం మంది చప్పట్లు కొట్టారు. మిగతా సగం, సారు భయపడి మాట మార్చాడని గుసగుసలు పోయారు.

ఇద్దరూ ఇంటికొచ్చి భార్యలకు ఒకటే చెప్పారు, కొన్నాళ్లు ఎవరి తోడు వాళ్లు పెట్టుకుందామని. ఎవరూ గొంతు పెంచలేదు. ఇస్సాకు కాంతమ్మతో, "మా మాటను సినిమాల్ల దొంగలకు పెట్టిన్రు, పనోళ్లకు పెట్టిన్రు, నవ్విన్రు. గీ ఒక్క యాడాదన్న మా మాట మా నోట్ల ఉండనీ" అన్నాడట. వేదవతికి ఆ మాట గుచ్చుకుంది. అందులో తప్పేమీ కనబడలేదు. తన భర్త చెప్పిందాంట్లోనూ కనబడలేదు.

అయినా గిన్నె ఆగలేదు. మగవాళ్లకు పెద్ద గిన్నెలో సొంత తోడు. తమకు మాత్రం చిన్న గిన్నెలో, ఇదివరకటిలాగే, అవతలి ఇంటి తోడు. మగవాళ్లు బయటికెళ్లాక తినడం, వాళ్లొచ్చే వేళకు సొంత మాటలోకి వచ్చేయడం. వేదవతి మనసు ఇది ఒప్పుకోలేదు. పదిరోజులు ఓర్చుకుని ఒక పొద్దున అడిగేసింది, ఇది మోసం కాదా అని.

"మోసమే," అంది కాంతమ్మ, చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ. "ఇయ్యాల ఆపినమంటె రేపు ఏం మొకం పెట్టుకొని అడుగుతం? సమ్మె ఎప్పటికైన అయిపోతది. అడుగుడు బందైతె మల్ల మొదలుగాదు వేదమ్మా."

సమ్మె మొదలై ముప్పయ్యో రోజో, ముప్పై ఒకటో. వేదవతికి కచ్చితంగా గుర్తులేదు, గుర్తులేనిదాన్ని ఉన్నట్టు చెప్పడం ఆమెకు నచ్చదు. ఆ రోజు మల్లికార్జునరావు క్యారియర్ మరిచిపోయి వెళ్లాడు. అప్పుడే కాంతమ్మ కొడుకు ఆనంద్ కుమార్ బయటికి బయల్దేరుతున్నాడు. ఇరవై రెండేళ్లవాడు. కానిస్టేబుల్ ఉద్యోగానికి పరుగులో నెగ్గి, రాతపరీక్ష కూడా రాసి, ఫలితం కోసం చూస్తున్నాడు. సాయంత్రాలు టెంటు దగ్గర నినాదాలిచ్చేవాడు, అది ఎవరికీ దాచలేదు. ఒక్క రాయి మాత్రం ఎప్పుడూ చేతిలోకి తీసుకోలేదు. వేదవతి మొహమాటపడుతూనే అడిగింది, కాస్త క్యారియర్ ఇచ్చి వస్తావా అని.

"ఆంధ్రా సార్‌కు సద్ది మోస్తున్నడని మా దోస్తులు చూస్తె నా ఇజ్జత్ పోతది ఆంటీ," అని నవ్వుతూ అందుకుని వెళ్లాడు.

ఆడవాళ్లిద్దరూ తమ చిన్న గిన్నెలు తెచ్చుకుని, మెట్ల మీదే కూర్చుని పెరుగన్నం తిన్నారు. చేతులు కడుక్కుంటుండగా ఫోను మోగింది. ఇస్సాకుతో పనిచేసే జానయ్య. కోచింగ్ సెంటరు అద్దాల మీద రాళ్లు పడ్డాయట. పోలీసులు షట్టరు ముందు దొరికినవాళ్లను దొరికినట్టు వ్యాన్లో వేశారట. అందులో ఆనంద్ ఉన్నాడట.

కేసు కాగితంలో పేరెక్కితే ఇక ఆ ఉద్యోగం ఊసెత్తక్కర్లేదని ఇద్దరికీ తెలుసు. అతన్ని పంపింది తనేనని వేదవతికి ఇంకా బాగా తెలుసు. భర్తకు ఫోను చేస్తే కలవలేదు. సెంటరువాళ్లు వెనక గుమ్మం నుంచి పిల్లల్ని పంపేసి, ఫోన్లన్నీ ఆపేసుకున్నారని తర్వాత తెలిసింది.

బస్సుల్లేవు, ఆటోల్లేవు. ఎల్బీనగర్ వైపు నుంచి వచ్చే అంత పెద్ద రోడ్డు మీద వాళ్లిద్దరే నడిచారు. దారి పొడవునా వేదవతి మాటలు కూర్చుకుంది. నేను ఆ సెంటరు మేస్టారి భార్యనండీ, మాది కృష్ణా జిల్లా అండీ, అబ్బాయిని నేనే పంపానండీ. రాళ్లు పడింది తమ వాళ్ల మీద కాబట్టి, తమ వాళ్లలో ఒకరు వచ్చి చెబితే నమ్ముతారని ఆమె ఆశ.

స్టేషన్లో ఎస్సై సాంబమూర్తి తెల్లకాగితం మీద పేర్లు రాసుకుంటున్నాడు. కాకినాడ వైపు మనిషి. నెలరోజులుగా నిద్ర సరిగ్గా లేని కళ్లు. పదకొండు పేర్లు అయ్యాయి. పన్నెండోది అడగబోతున్నాడు.

వేదవతి బల్ల ముందుకెళ్లి చేతులు జోడించింది. "సారూ, నేను చెప్పేది జర ఇనుండ్రి. గీ పోరడు రాళ్లు ఏసెటోడు కాడు. మా ఆయన గా సెంటర్లనే పాఠం చెప్తడు. ఆయనకు సద్ది ఇచ్చి రమ్మని నేనే పంపిన. మాది కిష్ణా జిల్లా, అవనిగడ్డ."

నోట్లోంచి వచ్చాక గానీ ఏం తిన్నదో ఆమెకు గుర్తురాలేదు.

సాంబమూర్తి తలెత్తి చూశాడు. "అవనిగడ్డలో ఎప్పట్నుంచమ్మా ‘జర ఇనుండ్రి’ అంటున్నారు?" అన్నాడు. కోపంగా కాదు, అలసటగా. కన్నతల్లి కడుపుకోత తనకు తెలుసనీ, ఇలాంటి కథలు పొద్దున్నుంచి తొమ్మిది విన్నాననీ, పక్కకు జరగమనీ చెప్పాడు. కలం కాగితం మీద పెట్టాడు.

వేదవతికి ఎంత ప్రయత్నించినా సొంత మాట ఒక్కటి కూడా నోటికి అందలేదు.

అప్పుడు కాంతమ్మ ముందుకొచ్చింది. "అది కాదు బాబూ, ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదండీ. తల్లిని నేనండీ. వాడు నా కడుపున పుట్టినవాడండీ. మాది నల్గొండ దగ్గర పల్లెటూరండీ. వేదవతి గారు మా మేడ మీద అద్దెకుంటారండీ."

కలం ఆగింది. సాంబమూర్తి ఒకామెను చూశాడు, రెండో ఆమెను చూశాడు. గోడవారగా నిలబడ్డ కానిస్టేబుల్ నాగేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకోబోయి, ఒంటిమీదున్నది యూనిఫాం అని గుర్తొచ్చి ఊరుకుంది.

"ఎవరింటి పెరుగు తిన్నారమ్మా?" అని అడిగాడు సాంబమూర్తి.

"కాంతక్కది నేను తిన్న. నాది అక్క తిన్నది."

"ఎన్నాళ్ల నుంచి?"

"పదకొండేండ్లు."

"సమ్మె మొదలయ్యాక?"

సరిగ్గా అప్పుడే కబురందిన ఇస్సాకు, టెంటులోంచి వచ్చినవాడు వచ్చినట్టే, మెడలో కండువాతో గుమ్మంలో నిలబడ్డాడు. ఉన్నది చెబితే కాంతమ్మ ఇంట్లో ఏమవుతుందో, లేదంటే ఆనంద్ ఏమవుతాడో. వేదవతి కాంతమ్మ వైపు చూసింది.

కాంతమ్మ భర్త వైపు చూడలేదు. "సమ్మె మొదలయ్యాక కూడానండీ. ఒక్క రోజు మానలేదండీ. మా ఆయనకి ఈ సంగతి తెలియదండీ. ఇప్పుడు తెలిసిందనుకోండి," అంది.

పైన ఫ్యాను కరెంటు లేక ఆగి ఉంది. సాంబమూర్తి కాగితం మీది పేర్ల వైపు చూశాడు.

"ఈ నెలరోజుల్లో నా ముందుకొచ్చిన ప్రతివాళ్లూ ఎవరి మాట వాళ్లే మాట్లాడారు," అన్నాడు చివరికి. కలానికి మూత పెట్టాడు. నాగేశ్వరిని పిలిచి, క్యారియర్ పట్టుకుని కూర్చున్న అబ్బాయిని తీసుకురమ్మన్నాడు.

ఆనంద్ పెదవి చిట్లి ఉంది. క్యారియర్ మూత మాత్రం ఊడలేదు.

నలుగురూ నడిచి ఇంటికొచ్చారు. పండ్ల మార్కెట్ దగ్గర ఇస్సాకు ఆగి, "నాకు గూడ ఎన్నడన్న గా గిన్నెల పెరుగు ఏస్తివా?" అని భార్యను అడిగాడు. "అయ్యో, లేదండీ," అంది కాంతమ్మ. ఆ ‘అండీ’ విని ముందు ఆనంద్ నవ్వాడు, చిట్లిన పెదవి పట్టుకుని. తర్వాత ఇస్సాకు కూడా ఆపుకోలేకపోయాడు.

దీపాలు పెట్టాక వేదవతి తన సొంత మాటలో భర్తకు అంతా చెప్పింది, చిన్న గిన్నె సంగతితో సహా. మల్లికార్జునరావు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ కూర్చున్నాడు. "పిల్లాడు అన్నం తిన్నాడా?" అని మాత్రం అడిగాడు.

ఆనంద్‌కు ఉద్యోగం వచ్చింది. ఇవాళ అతని బల్ల మీద కూడా తెల్లకాగితం, కలం ఉంటాయి.

మిగతా పదకొండు మంది సంగతి వేదవతికి తెలియదు. వాళ్లలో నిజంగా రాయి వేసినవాళ్లు ఎందరో, ఎవరికో అన్నం తీసుకెళ్తూ దొరికినవాళ్లు ఎందరో. వాళ్ల కోసం వచ్చిన తల్లులు వాళ్ల సొంత మాటలోనే వేడుకుని ఉంటారు. అలా వేడుకోవడం తప్పెలా అవుతుందని ఆమె ఇప్పటికీ అడుగుతుంది.

పిల్లలూ, ఆ రోజు రాయని పేరు గురించి ఏ కాగితంలోనూ దొరకదు, కాబట్టి దాన్ని మీరే చెప్పాలి. మీ స్నేహితులకు చెప్పండి, రేపు మీ పిల్లలకు చెప్పండి. ఏ మాటలో చెప్పినా ఫరవాలేదు. చెప్పేటప్పుడు మాత్రం, కథ పొడుగైపోతోందని ఆ పదకొండు మందిని వదిలేయకండి.