బుధవారం వంగే కొండ

ప్రతి బుధవారం పదింటికి థిర్జా టీచర్ చేతికర్రా నోటుపుస్తకం పట్టుకుని గడప దాటేది. ఆమెను చూడగానే హాడన్ కొండ వంగేది. ఆమె కుడి మోకాలు అరిగిపోయిన ఏడాది నుంచీ అదే వరస. పొలంగట్టంత ఎత్తుకు దిగిన ఆ పచ్చికమీద ఆమె నింపాదిగా తిరుగుతూ నీలి సీతాకోకచిలుకల్నీ, కుందేళ్లనీ, గాలిలో ఒకేచోట నిలబడి రెక్కలాడించే డేగల్నీ లెక్కరాసుకునేది. కొండ వంగింది చూసి రొట్టెల దుకాణం ఆవిడ గడియారం సరిచేసుకునేది.

గొర్రెలకాపరి జేబెజ్ ఒక్కడే సణిగేవాడు. "నీ మోకాలికి మర్యాదలు చేస్తూ నా గొర్రెల్ని దొర్లించేస్తోంది థిర్జా, ఈ కొండ!"

"దొర్లనీ. నీలాగే బలిసిపోయాయి."

జూన్‌లో ఆ కొండతో సహా ఎస్టేటు రూపర్ట్ చేతికొచ్చింది. ఎక్కాలు ఆమె దగ్గరే నేర్చుకున్నవాడు. కొండకింద ట్రాక్టరు ఆపి నవ్వుతూ అన్నాడు:

"నిటారుగా ఉందనే మా తాతలు దీన్ని దున్నలేదు టీచర్. బుధవారాలు ఎలాగూ చదునైపోతోందిగా! వచ్చేవారం మీరు లెక్కపెట్టుకుంటూ ఉండండి, మేం దున్నుకుంటూ వస్తాం. బార్లీ వేస్తాను."

"వందల ఏళ్ల గడ్డి రూపర్ట్. పోతే మళ్లీ రాదు."

"బార్లీ ఏటా వస్తుంది టీచర్."

ఆ బుధవారం ఆమె మామూలుగానే వచ్చింది. కొండ సగం వంగింది. ట్రాక్టరు గుర్రుమంది. థిర్జా కర్రతో నేలను తట్టింది. "లే. నాకోసం వంగకు. నేనే ఎక్కుతాను."

కొండ లేచి నిలబడింది. ట్రాక్టరు మూడుసార్లు ఎగబాకి మూడుసార్లూ వెనక్కి జారింది.

థిర్జా చేతులూ మోకాళ్లూ ఆనించి పాకడం మొదలుపెట్టింది. నొప్పికి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ముక్కు గడ్డికి ఆనేంత దగ్గరగా ఇన్నేళ్లలో ఆమె ఆ కొండను ఏనాడూ చూడలేదు. వాము వాసనవేసే ఊదాపూలు, కంచుగాజులా చుట్టుకున్న కాళ్లులేని బల్లి, గడ్డిదుబ్బు కింద భరతపక్షి గూడు, అందులో మూడు గుడ్లు. ప్రతిదాని దగ్గరా ఆగి రాసుకుంది.

జేబెజ్ పరుగున దిగివచ్చాడు. "పిచ్చిదానా! ఈ వయసులో ఇదేం పని?"

"తిట్టడం అయ్యాక వెనకనుంచి కాస్త తొయ్యి."

నాలుగింటికి శిఖరం చేరారు. కింద రూపర్ట్ ఇంకా పైకే చూస్తున్నాడు.

"ఇక దిగేదెలా?" అన్నాడు జేబెజ్. "దీన్ని వంగమను."

"ట్రాక్టరు అక్కడే ఉంది. వంగమనను."

జేబెజ్ టోపీ తీసి తల గోక్కున్నాడు. పెళ్లీ పెటాకులూ లేకుండా అరవై దాటినవాడు. "ఇక్కడే నా చక్రాల గుడిసె ఉంది. టీ కాచుకోవచ్చు. కుర్చీ ఒక్కటే. ఆదివారానికి రెండోది చేస్తాను."

"అందాకా?"

"నేను నిలబడతాను."

థిర్జా అతన్ని ఎగాదిగా చూసి, వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంది.

వేసవి సగం గడిచేసరికి రూపర్ట్ విసిగిపోయి ట్రాక్టరు తీసుకుని పోయాడు. ఆగస్టులో థిర్జాకీ జేబెజ్‌కీ పెళ్లి జరిపించడానికి పాదిరిగారే పైకెక్కాల్సి వచ్చింది. రొప్పుతూ, చెమటలు కక్కుతూ, మధ్యమధ్యలో ఆగి ఎంత బతిమాలుకున్నా, కొండ ఆయన కోసం అంగుళమైనా వంగలేదు.