రెండు బారల తేడా

పెద్దవాళ్లకు తప్పు చూపించకూడదని వాసవికి ఎవరు నేర్పారో గానీ, బాగానే నేర్పారు. బర్నబీ నగరంలో ఆఫీసుకెళ్తే మేనేజర్ రాసిన కోడ్‌నైనా మొహమాటం లేకుండా చీల్చి చెండాడే పిల్ల, కోదండరామ్ గారి ముందు మాత్రం నోరు మెదపదు. ఆయన రిటైరైన ఇంజనీరు, అరవై మూడేళ్ల మనిషి. ముప్పై ఏళ్లుగా కొండలెక్కుతున్నారు. తాడుకు ముడి వేయడం దగ్గర్నుంచి ఆమెకు అన్నీ నేర్పింది ఆయనే.

కొండెక్కబోయే ఆ పొద్దున, హెల్మెట్ పట్టీ వదులుగా ఉందని ఆమె అంటే ఆయన నవ్వేశారు. "ఇన్నేళ్లూ నువ్వు చూస్తేనే బతికానా అమ్మా?" సరదాకి అన్న మాటే. అయినా వాసవికి తల కొట్టేసినట్టయింది.

రోడ్డు ఆగిపోయిన చోటు నుంచి రెండు రోజులు నడిస్తే వచ్చే శిఖరం అది. మొత్తం నిలువు బండ. మధ్యాహ్నానికి పైకి చేరారు, ఫొటోలు దిగారు, ఇక కిందికి దిగాలి. బండకు బిగించిన ఇనుప రింగులోంచి తాడును సగానికి దూర్చి, రెండు కొసలూ సమంగా వదిలి, రెండు పాయలూ పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు దిగుతారు. సగం ఎక్కడో తెలియడానికి తాడు మీద నల్లటి గుర్తు ఉంటుంది. అది రింగు దగ్గరే ఉండాలి. కోదండరామ్ గారు వేసిన తాడులో అది రెండు బారలు పక్కకు జరిగి ఉంది. అంటే ఒక పాయ పొట్టిది; దాని కొస చెయ్యి దాటిపోతే తాడంతా రింగులోంచి జారిపోతుంది. పగుళ్లలో ఇరుక్కుంటాయని, అలా జారకుండా ఆపే ముడులు కూడా ఆయన కొసలకు వేయలేదు.

వాసవి చూసింది. మాట నోటిదాకా వచ్చింది. ఆయనకు తెలియదా, ఏదో లెక్క ఉండే ఉంటుందిలే అనుకుని ఊరుకుంది.

ఆయన దిగడం మొదలుపెట్టిన కాసేపటికి తాడు సర్రున రింగులోంచి జారిపోయింది. ఆమె చెయ్యి చాచేలోపే రింగు ఖాళీ అయింది. కింద దబ్బుమని చప్పుడు.

"అంకుల్!"

"ఉన్నానమ్మా," చాలాసేపటికి గొంతు వచ్చింది. "గట్టు మీద పడ్డాను. తొడ విరిగినట్టుంది. రక్తం ఆగట్లేదు."

"తాడు?"

"నా దగ్గరే ఉంది."

వాసవి నడుము పట్టీతో రింగుకు కట్టేసుకుని వంగి చూసింది. వంద అడుగుల కింద, అరుగంత రాతి గట్టు అంచున, ఆయన బూటు ఒక్కటే కనిపిస్తోంది. దిగడానికి ఆమెకు తాడు లేదు. ఎక్కడానికి ఆయనకు కాలు లేదు.

ఫోన్ సిగ్నల్ లేని చోటా మెసేజ్ పంపే శాటిలైట్ మెసెంజర్ ఆమె బ్యాగులోనే ఉంది. మెసేజ్ పంపితే రెస్క్యూ వాళ్ల జవాబు త్వరగానే వచ్చింది. కార్చిచ్చుల పొగ దట్టంగా ఉంది, హెలికాప్టర్ రావడం కుదరదు, రేపు పొద్దున ప్రయత్నిస్తాం. అందాకా గాయాన్ని గట్టిగా అదిమి పట్టండి, మనిషిని వెచ్చగా ఉంచండి. చదివి వాసవికి ఒళ్లు మండిపోయింది. ఇక్కడి నుంచి ఏం అదమాలి?

ఆయన జాకెట్ కూడా ఆమె బ్యాగులోనే ఉంది. బరువుకు అందులో రాయి పెట్టి చుట్టి, గురి చూసి వదిలింది. అది గట్టు అంచుకు తగిలి, కిందికి దొర్లి పొగలో కలిసిపోయింది. నాది వేస్తానని అరుస్తూ ఆమె తన జాకెట్ విప్పబోయింది.

"వద్దమ్మా. అది నీకు కావాలి."

గంట గడిచింది. ఆయన గొంతు పలచబడుతోంది. ఆమె ఏవేవో అడుగుతూ మాట్లాడిస్తోంది. ఆయన వాటికి జవాబు చెప్పడం మానేసి, తన మాట చెప్పుకున్నారు.

"వాసవీ, తప్పు నాదే. సగం గుర్తు చూసుకోలేదు. ఎవరడిగినా అదే చెప్పు. నీకు కనిపించి ఉంటే చెప్పేదానివేగా."

అక్కడితో ఊరుకోవచ్చు. ఊరుకోవడం ఆమెకు బాగా వచ్చు కూడా. కానీ ఈసారి చేతకాలేదు.

"కనిపించింది అంకుల్!" ఏడుస్తూ అరిచింది. "చూసి కూడా చెప్పలేదు."



"ఎందుకు చెప్పలేదమ్మా?"

ఆ గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు. ఆమె వెతుక్కుంది, ఇంకో కారణం ఏదీ దొరకలేదు.

"మీరు పెద్దవారు కదా అంకుల్."

కింద గట్టు అంచున ఆయన బూటు మెల్లగా పక్కకు ఒరిగింది. వాసవి పిలిచింది. గొంతు పోయేదాకా పిలుస్తూనే ఉంది.