ప్రతి కాగితం మీదా విన్నపం

మడత బల్ల మూడు కాళ్లు తెరుచుకున్నాయి. నాలుగోదాని గొళ్లెం దగ్గర మెర్విన్ ట్రెగెన్జా చెయ్యి ఇనుము మీద టకటకా కొట్టుకుంటూనే ఉంది. ఆ చప్పుడు మరెవరిదో అయినట్టు కాసేపు విన్నాడు. తర్వాత మోకాలితో నెట్టాడు.

ఆస్ట్రేలియాలోని చిన్న ఊరు కడీనా, దాని బజారులో శనివారం పొద్దున్న. పక్కనే డెల్ అగ్నిమాపక దళానికి చందా కోసం సాసేజ్‌లు కాలుస్తోంది. ఎదురుగా మాంసం కొట్టు, ఇనప సామాన్ల కొట్టు, రొట్టెల దుకాణం. మూడింటి బోర్డులూ అతను రాసినవే. నలభై ఒక్క ఏళ్లు ఊళ్లోవాళ్ల పేర్లన్నీ రాశాడు. ఆరేళ్ల కిందట ఆ రొట్టెల దుకాణం అద్దం మీదే గీత వంకరపోయింది. తుడిచి మళ్లీ గీశాడు. మళ్లీ పోయింది. పార్కిన్సన్స్ అన్నారు.

ఇప్పుడు బల్ల మీద, పార్లమెంటుకు పంపే విన్నపానికి మూడు వందల పన్నెండు సంతకాలున్నాయి. పిండాల మూలకణాలతో ఇలాంటి జబ్బులకు మందు వెతికే పరిశోధనకు దారి తెరిచే బిల్లు మంగళవారం కాన్‌బెర్రాలో ఓటుకు వస్తోంది. పార్టీల ఆదేశం లేదు, ఎవరి మనస్సాక్షి వాళ్లది. ఈ ప్రాంతపు పార్లమెంటు సభ్యుడు ఇంకా ఎటూ తేల్చుకోలేదు.

చేపలు పట్టే క్లెమ్ వచ్చి నిలబడ్డాడు.

"పిండాల్ని పాడుచేసి నీ చెయ్యి బాగుచేసుకుంటావేంట్రా?"

"ఆ మందు నా చేతికి అందేసరికి నేను మట్టిలో ఉంటాలే."

"మరెందుకీ పాట్లు?"

మెర్విన్ పెన్నును క్లెమ్ వైపు జరిపాడు. అతనికి తెలిసిందల్లా, ఈ బల్ల దగ్గర ఉన్నంతసేపూ జనం తన చేతికేసి కాక కాగితంకేసి చూస్తారని. క్లెమ్ సంతకం పెట్టలేదు. ఒక సాసేజ్ ఎక్కువ కొని బల్ల మీద పెట్టి వెళ్లాడు.

పదకొండింటికి, సభ్యుడి కార్యాలయంలో పనిచేసే రోస్లిన్ కాగితాలు తీసుకోవడానికి వచ్చింది. ఒక్కొక్కటీ తిప్పింది.

"మెర్వ్, విన్నపం మొదటి పేజీ మీదే ఉందేం?"

"బోర్డుకైతే పేరు పైన ఒక్కసారి రాస్తే చాలుగా? కింద గళ్లు గీశాను."

"ఇది బోర్డు కాదుగా. ప్రతి పేజీ మీదా ఉండాలి. లేకపోతే వాళ్లు దేనికి సంతకం పెట్టారో సభకెలా తెలుస్తుంది? మొదటి పేజీ ఒక్కటే చెల్లుతుంది."

అందులో పన్నెండు పేర్లున్నాయి.

"ఇప్పుడు పైన రాసేస్తే?"

"వాళ్లు పెట్టాక రాస్తే అది మోసమవుతుంది, మెర్వ్."

అతను తలూపాడు. నాలుగు నెలలు ఎండలో, గాలిలో నిలబడ్డ కాళ్లు అప్పుడు నొప్పిపుట్టాయి. రోస్లిన్ వెళ్లి, విన్నపం అచ్చయిన కొత్త కాగితాలు ముప్పై తెచ్చింది. ఇంకా వెచ్చగా ఉన్నాయి.

"సోమవారం పొద్దున్న పంపేస్తాను. ఎన్నయితే అన్ని."

"సాసేజ్ కావాలంటే ముందు సంతకం," అని డెల్ వరుసకేసి కేకేసింది. "పోయినసారి పెట్టినవాళ్లు కూడా. నువ్వు పెట్టావా మెర్వ్?"

"నాది చివర్లో పెడతాలే."

"నాలుగు నెల్లుగా ఇదే మాట. సిగ్గుపడ్డానికి నువ్వేమన్నా పెళ్లికూతురివా?"

సొంత చేత్తో పెట్టాలి, అదే నియమం. బోర్డుల మీద ఊరంతటికీ తెలిసిన చేతిరాత అతనిది. మెర్విన్ కుర్చీలో కూర్చుని, ఒక కొత్త కాగితం ముందుకు లాక్కుని, కుడి మణికట్టును ఎడం చేత్తో బల్లకు అదిమిపట్టి రాయడం మొదలుపెట్టాడు. డెల్ సాసేజ్‌లను రెండుసార్లు తిప్పింది. గాలికి కాగితం ఎగిరిపోకుండా తన పట్టకారు దాని మీద పెట్టింది.

"పెట్టేశావా?"

అతను వెనక్కి వాలి ఉన్నాడు. కునుకు పట్టిందనుకుంది. వరుసలో ముందున్నావిడ పెన్ను అడిగితే, డెల్ అతని వేళ్ల మధ్య నుంచి తీయబోయింది. వేళ్లు సులువుగా విడిపోయాయి. వాటిలో వణుకు లేదు. ఆమె ఆ చేతిని వదలకుండానే రెండో చేత్తో పెనం కింద మంట ఆర్పింది.

మెర్విన్ ముఖం మీద దుప్పటి కప్పి అంబులెన్స్‌లో తీసుకెళ్లాక జనం మెల్లగా చెదిరిపోయారు. బల్ల మీద కాగితం అలాగే ఉంది. అతని పేరొక్కటే మూడు గళ్లు ఆక్రమించింది, కింద పదిహేడు ఖాళీ. పట్టకారు నుంచి దిగిన నూనె, పైనున్న విన్నపం వైపు మెల్లగా పాకుతోంది.