ఫొటో అంచున వేలు

ఆమె పనిచేసేది ఫొటోలు ప్రింటు చేసే దుకాణంలో. మసకగా వచ్చినవి, కళ్లు మూసుకున్నవి, అంచున వేలు అడ్డొచ్చినవి ఏరి చెత్తబుట్టలో వేయడం పదేళ్లుగా ఆమె పని. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. పెళ్లై ఈ ఇంటికొచ్చి ఏడాదైనా తన గుర్తు ఎక్కడా పడకుండా మసలుకునేది. దువ్వెన కూడా ఇంకా సంచిలోనే ఉండేది.

భర్తకు మొదటి భార్య వల్ల కలిగిన కూతురికి ఏడేళ్లు. అందరూ గువ్వ అంటారు. గువ్వ మాత్రం ఆమెను ఏ వరసా పెట్టి పిలవదు. అవసరమైతే "ఇదిగో" అంటుంది, గోడతో చెప్పినట్టు.

గువ్వకు అక్షరాలన్నీ వచ్చు. పుస్తకం తెరిస్తే మాత్రం నోరు పెగలదు. నెలాఖరుకి ఒక్క పేజీ అయినా చదవకపోతే మళ్లీ అదే తరగతి అని టీచరమ్మ కబురంపి, పిలిపించి చెప్పింది.

"పుస్తకమంటే బెదురమ్మా దానికి. మీ ఇంట్లోవే ఫొటోలు తియ్యండి. అది ఏం చెబితే అదే కింద రాసి చదివించండి."

ఆ సాయంత్రం నుంచి నోటుపుస్తకం నిండసాగింది. తెగిన చెప్పు. చొట్టపడ్డ గిన్నె. కుర్చీలో నోరు తెరిచి నిద్రపోతున్న తండ్రి.

"నాన్న నోట్లోకి ఈగ పోతుంది. రాయి!" అంది గువ్వ కిసుక్కున నవ్వి.

ఆయన లేచి చూసి, "రాయడానికి ఇంకేం దొరకలేదా మీ ఇద్దరికీ?" అన్నాడు.

మీ ఇద్దరికీ. ఆ మాటను ఆమె చాలాసేపు లోపల్లోపల దాచుకుంది.

గువ్వ గడగడా చదివేస్తోంది. అనుమానమొచ్చి ఆమె ఫొటోను అరచేత్తో మూసింది. గువ్వ నోరూ మూతపడింది. చదవడం కాదు, బొమ్మ చూసి అప్పజెప్పడం. ఇంక నాలుగు రోజులే గడువు.

మర్నాడు కిటికీలో ఆరేసిన గువ్వ గౌను ఫొటో తీస్తుంటే తొందరలో ఆమె బొటనవేలు అడ్డొచ్చింది. దుకాణం నుంచి తెచ్చిన ప్రింటు చూసుకుని, చెడిపోయిందని ఇంట్లో చెత్తబుట్టలో పడేసింది.

ఆ రాత్రి నోటుపుస్తకం తెరిస్తే ఆ ఫొటోయే వంకరగా అతికించి ఉంది. కింద ఏనుగులంత అక్షరాలు. పక్కన ఎవరూ లేకుండా, ఎవరూ చెప్పకుండా రాసినవి.

పిన్ని వేలు. పారెయ్యొద్దు.

ఆమె నోటుపుస్తకాన్ని గువ్వ ముందుకు జరిపింది.

"చదువు," అంది.

"నేనే రాశాగా! మళ్లీ చదవడమెందుకు?"

"అయితే పాతది చదువు." వెనక్కి తిప్పి, నిద్రపోతున్న తండ్రి ఫొటో మీద అరచెయ్యి పెట్టింది.

గువ్వ మొహం చిట్లించి పేజీ మీదికి వంగింది.

"నా...న్న... నో...ట్లో...కి..." ఆగిపోయింది.

ఆమె ఇంకాస్త దగ్గరికి జరిగింది.

"అబ్బా పిన్నీ, నీ వేలు తియ్యి. అక్షరం కనబడట్లేదు."