మందు లేని ఆదివారం

లెయిటు అనే ఆ పరిశోధకురాలు ఆపియా పట్నం నుంచి ఓడలో మా సవాయీ దీవికి వచ్చిన రోజే నాకు ఒళ్లు మండింది. గుండెకు మేలు చేసే నాటుమందులేవో, తిండి ఏదో తేల్చాలట. మా అమ్మ చేతి నుంచి నా చేతికొచ్చిన నోను ఆకు పసరు పనిచేస్తుందో లేదో ఈ పిల్ల చెప్పాలట! ఊరి పెద్దలు సరేనన్నారు కాబట్టి నేనూ పళ్లు నూరుకుంటూ ఒప్పుకున్నాను. ఆమె చూడబోయే రోగి నా తమ్ముడు పెటాయా. రక్తపోటు వాడి గుండెను దెబ్బతీసింది. ఆస్పత్రివాళ్లు మాత్రలిచ్చి, మళ్లీ నొప్పి వస్తే బతకడం కష్టమని చెప్పి పంపారు. తోడబుట్టినవాళ్లలో నాకు మిగిలింది వాడొక్కడే.

మాత్రలు మాత్రలే, పసరు పసరే. రోజూ తెల్లవారగానే ఆకు కోసుకెళ్లి, వాడి ఇంట్లోనే నలిపి, గుడ్డలో పిండి తాగించేదాన్ని. మా ఇళ్లకు గోడలుండవు కాబట్టి మరదలు ఫువాటినో పొయ్యి మీద ఏముందో దూరం నుంచే కనిపించేది. డబ్బా మాంసం! ఉప్పూ కొవ్వూ తప్ప ఏముంది అందులో? చేపలు వండవే, సీమపనస కాల్చి పెట్టవే అని ఎంత మొత్తుకున్నా వినదు.

"ఏమే, నా తమ్ముణ్ని ఆ డబ్బాలోనే పూడ్చిపెడతావా?"

"అది నాక్కావాలని వండుకున్నా వదినా. ఆయనకి చేపే పెడుతున్నా."

నమ్మితేగా! మాటకు మాట పెరిగేది. తమ్ముడు చాప మీద కళ్లు మూసుకుని పడుకునేవాడు. వాడికి పసరు తాగించి, మరదలికి ఇంకో నాలుగు మాటలు తగిలించి ఇంటికొచ్చేదాన్ని.

ఆదివారం మాత్రం వెళ్లను. అది దేవుడి రోజని మా ఊళ్లో ఎవరూ ఆకు తుంచరు, ముందురోజు పిండిన పసరు పనికిరాదు. చర్చిలో తెల్లబట్టలు కట్టుకుని కూర్చున్నానన్న మాటేగానీ, మందు లేక వాడి గుండె ఏమైపోతోందోనని ప్రార్థన మీద మనసు నిలిచేది కాదు.

ఒక ఉదయం నేను వెళ్లేసరికి లెయిటు వాడి చేతికి రక్తపోటు పట్టీ చుట్టి కూర్చుంది. నన్ను పక్కకు పిలిచి, ఆదివారాల్లోనే వాడి రక్తపోటు తగ్గుతోందని చెప్పింది. అరికాలి మంట నెత్తికెక్కింది. నా మందు విషమంటున్నావా అని నిలదీశాను.

"ఇవాళ మందు ఇంకా తాగలేదు కదా పెద్దమ్మా," అంది మెల్లగా. "మీ చెప్పుల చప్పుడు వినగానే పెరిగింది."

మిషన్ చెడిపోయిందన్నాను. నీ చదువు సముద్రంలో కలిపెయ్యమన్నాను. మా ఆకు కాజెయ్యడానికి వచ్చావన్నాను. పొయ్యి దగ్గర ఫువాటినో కిసుక్కున నవ్వింది. ఇక దాని మీద విరుచుకుపడ్డాను.

అప్పుడు తమ్ముడు కళ్లు తెరిచాడు.

"అక్కా, ఆకు పంపు. నువ్వు రాకు."

ఎందుకు రాకూడదురా అని గద్దించాను.

"ఇంట్లో కక్షలుంటే మందు ముట్టకముందే బయటపెట్టుకోవాలి, లేకపోతే పసరు నీళ్లతో సమానం అనేది కదా అమ్మ? ఊళ్లో ప్రతి ఇంట్లో నువ్వే చెప్తావు. మా ఇంట్లో ఒక్కసారన్నా అడిగావా?"

అడగలేదు. వైద్యురాలిని నేను. అడగడం నా పని, నన్ను అడిగేదెవరు అనుకున్నాను. ఆకులు కింద పెట్టి, ఫువాటినోను పిలిచి, ఊళ్లో అందరినీ కూర్చోబెట్టినట్టే ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"నువ్వంటే నాకు గిట్టదు," అన్నాను. "వాణ్ని నాకు కాకుండా చేశావని మొదట్నించీ కడుపుమంట."

అది తల దించుకోలేదు. "నాకూ నువ్వంటే పడదు వదినా. నువ్వొచ్చిన ప్రతిసారీ ఈ ఇల్లు నాది కాదనిపిస్తుంది."

అంతే. ఏడుపులూ లేవు, కావలించుకోవడాలూ లేవు. పసరు పిండే గుడ్డ దాని చేతిలో పెట్టాను. దానికి పిండడం చేతకాక సగం చాప పాలు చేసింది. నాలుక కొరుక్కుని కూర్చున్నాను. తమ్ముడు దాని చేతి మందు తాగాడు.

ఇప్పుడు రోజూ ఆకులు వాళ్ల ఇంటి ముందున్న రాయి మీద పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని వెనక్కి వచ్చేస్తున్నాను. తమ్ముడు కోలుకుంటున్నాడు. ఆకు వల్లో, చేపల వల్లో, నేను రాకపోవడం వల్లో ఆ పిల్ల ఇంకా తేల్చలేదు. ఆదివారం చర్చికి నడిచి వస్తున్నాడు. వాడి మొహం నేను చూసేది ఆ ఒక్కరోజే.