వక్కపొడి డబ్బాలో గుండ్లు

లోవరాజు తన రైఫిల్ తూటాలు తనే నింపుకుంటాడని షూటింగ్ క్లబ్బులో అందరికీ తెలుసు. తెలియనివాళ్లకి లైసెన్సు చూపించి మరీ చెప్పేవాడు. కొన్న తూటా ఒక్కోటి ఒక్కో తీరున పోతుందట, చేత్తో నింపినవైతే అన్నీ ఒకేచోట పడతాయట. పడేవి కూడా. నూరు గజాల దూరాన అట్ట మీద పది చిల్లులూ రూపాయి బిళ్ల కింద దాగేవి.

నేరేడ్‌మెట్ ఫ్లాట్‌లో శనివారం మధ్యాహ్నం ఫ్యాను ఆపేసి మొగుడూ పెళ్లాం కూర్చునేవారు. గాలికి తక్కెడ ఊగకూడదు కదా. అతను తుపాకీ మందు తూచి ఖాళీ తూటాలో పోస్తే, దాని మూతికి బిగించే గుండు ఒకటి తీసి దేవి అతని అరచేతిలో పెట్టేది. ఆవిడ పని అంతేననుకున్నాడు మహానుభావుడు. ఆదివారం అట్ట తెచ్చి చూపిస్తే, "మీ చేతి చలవేనండీ" అనేది.

దేవి పోయి ఏడు నెలలు. అదే తక్కెడ, అదే మందు, గుండ్లు మాత్రం తలో దిక్కూ పోతున్నాయి.

"ఏందన్నా, గిట్ల చెదురుతున్నయ్? వచ్చే ఆదివారం టీం సెలెక్షన్. గిట్లయితే నీ పేరు కష్టమే" అన్నాడు క్లబ్బు సెక్రటరీ తిరుమల్.

ఆ టీం కూడా పోతే లోవరాజుని పలకరించే మనిషే ఉండడు. ఎదురు ఫ్లాట్ సాఫ్ట్‌వేర్ జంట ఎప్పుడొస్తారో, ఎప్పుడు పోతారో వాళ్ల కంపెనీ కారుకే తెలుసు.

శనివారం చొక్కా గుండీ ఊడితే, సూది కోసం దేవి కుట్టుమిషన్ సొరుగు లాగాడు. బరువుగా ఒక వక్కపొడి డబ్బా, పక్కనే చేతి అద్దం. డబ్బా నిండా గుండ్లు! ఒకటి తీసి అద్దం మీద దొర్లించాడు. కుంటుకుంటూ పోయింది. రెండోదీ అంతే, మూడోదీ అంతే. బియ్యంలో రాళ్లేరినట్టు వంకరవన్నీ ఏరి దాచేసి, మంచివే అతని చేతిలో పెట్టింది ఇన్నేళ్లూ. సొమ్మొకరిది, సోకొకరిది. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఒక్కమాట చెప్తే ఏం పోయేది? చెప్తే వినే మొగుడా తను!

ఫ్యాను ఆపి, కొత్త గుండ్లని ఒక్కొక్కటే అద్దం మీద దొర్లించి ఏరుకున్నాడు.

ఆదివారం పదీ రూపాయి బిళ్ల కింద దాగాయి.

"చెయ్యి మళ్ల కుదిరిందన్నా! టీంల నీ పేరు రాస్తున్న" అన్నాడు తిరుమల్.

"నా చెయ్యి కాదు బాబూ" అన్నాడు లోవరాజు.

ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే అలవాటుగా అట్టని వంటింటి వైపు చాచాడు. చాచిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"నీ చేతి చలవేనే, దేవీ" అన్నాడు. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఒక్కసారైనా అనలేదు.